మూడు మూటల యుద్ధవిమానం

నాగులదిబ్బ విమానశాలలో ఉన్న యుద్ధవిమానం ఎంత వేగంగా పైకి లేస్తుందన్న అనుమానం అరవై ఏళ్లుగా ఎవరికీ రాలేదు. రావలసిన అవసరమూ లేదు. దాని రెక్కల కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. చక్రాల్లో గాలి పోయి చాలా కాలమైంది. ముక్కుకి ఎప్పుడో వేసిన ఎర్రరంగు మాత్రం నిలిచింది కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా దాన్ని ఎర్రముక్కుది అనేవారు. ఇంజనులోంచి వారానికి రెండు మూడు చుక్కల నూనె కారేది. కింద పెట్టిన రేకుపళ్లెంలో ఆ చుక్కలు చూసి కుళ్ళాయప్ప, "ఇంకా బతికే ఉండాది" అని తృప్తిపడేవాడు. ఆర్నెల్లకోసారి పైనుంచి ఆ నూనె పోసేది కూడా ఆయనే.

కుళ్ళాయప్పకు ఎనభై నాలుగేళ్లు. నాగులదిబ్బలో విమానాలు నిజంగా ఎగిరిన రోజుల్లో ఆయన ఫిట్టరు. ప్రతి గురువారం పొద్దున్నే బస్సు దిగి, సంచిలోంచి పాత పంచెగుడ్డ తీసి, ఎర్రముక్కుదాన్ని తోక దాకా తుడిచి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేవాడు. ఆయన్ని తుడవమన్నవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు.

ఆయనతో మాట్లాడేది సుంకమ్మ ఒక్కతే. ఆ విమానశాలను చూసుకునే సంస్థలో జాబితాలు రాసే సహాయకురాలిగా చేరి మూడేళ్లయింది. పల్లెటూరి బడిలో చదువుకున్న పిల్ల. ఈ మూడేళ్లలో ఆఫీసులో ఆమె గొంతు విన్నవాళ్లు నలుగురైదుగురు ఉంటారేమో. చేతికిచ్చిన కాగితాన్ని చివరి అక్షరం దాకా చదవడం ఆమెకు అలవాటు. ప్రభుత్వ ఆఫీసులో ఇది చాలా అరుదైన అలవాటని ఆమెకు తెలియదు.

చారిత్రక యుద్ధవిమానాల పరిరక్షణ సంస్థకు సంచాలకులు డాక్టర్ పరంజ్యోతి గారు. ఆయన ఆ ఏడాది వేసవిలో ఏదో సదస్సుకు వెళ్లి వచ్చారు. వెళ్లేటప్పుడు చేతిసంచితో వెళ్లారు. వచ్చేటప్పుడు లారీతో వచ్చారు. లారీలో మూడు పెద్ద తెరలు, ఒక కుర్చీ, కుర్చీ ముందు పట్టుకోవడానికి ఒక కర్ర, కాళ్లకింద రెండు పెడళ్లు ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటే తెరల మీద ఆకాశం కనిపిస్తుంది. కావలసిన పాత విమానాన్ని ఎంచుకుని ఎగరవచ్చు, పోరాడవచ్చు, కూలిపోయి మళ్లీ మొదలుపెట్టవచ్చు. లోకంలో కుర్రాళ్లు ఇళ్లలో కూర్చుని ఆడే ఆటే ఇది. సంస్థలోకి వచ్చాక దాని పేరు 'అనుకరణ యంత్రం' అయింది, ఇన్వెంటరీలో దానికొక నంబరు పడింది.

యంత్రంతోపాటు అభిరామ్ అనే నిపుణుడూ వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటినవాడు. యుద్ధవిమానాల మీద నాలుగు వేల గంటల అనుభవం ఉంది; అందులో ఒక్క గంట కూడా కుర్చీలోంచి లేచింది లేదు. కానీ విషయం తెలిసినవాడు. ఏ విమానం ఏ ఎత్తులో డస్సిపోతుందో, ఏది తిరిగేటప్పుడు వేగం పోగొట్టుకుంటుందో, గాలిలోకి లేచే ముందు ఏది ఎడమకు లాగుతుందో అడిగితే అన్నం తినడం కూడా మానేసి చెప్పేవాడు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. టైపు చేసింది సుంకమ్మే.

"చారిత్రక యుద్ధవిమానాల శక్తిసామర్థ్యాలకు సంబంధించిన ఏ ప్రకటన అయినను, అది ఎవరి జ్ఞాపకమైనను, అనుకరణ యంత్రంపై ధ్రువీకరించబడనిదే చెల్లుబాటు కానేరదు. ధ్రువీకరించబడని చరిత్రను పదిహేను దినములలోగా తొలగించవలెను."

మొదట పోయింది రేకుపళ్లెం. తెర మీది ఎర్రముక్కుది నూనె కార్చలేదు. ఒక పూటంతా చూశారు, ఒక్క చుక్క కూడా రాలలేదు. కాబట్టి నిలబడి ఉన్నది కూడా కార్చదని తేల్చారు. ఒక రిజిస్టరు తెరిచి, నూనె కారలేదని రోజూ సాయంత్రం రాసి సంతకం పెట్టమని కాపలాదారును ఆదేశించారు. అతను సంతకం పెట్టి, నేల తుడిచి, ఇంటికి వెళ్లేవాడు.

తర్వాత పాత పైలట్లు రాసి పంపిన జ్ఞాపకాల ఫైలు బయటకు వచ్చింది. ఒకాయన, నిట్టనిలువుగా కిందికి దూకుతున్నప్పుడు చేతిలోని కర్ర బండరాయిలా బిగుసుకుపోయేదనీ, రెండు చేతులతో లాగినా కదిలేది కాదనీ రాశాడు. పరంజ్యోతి గారు కుర్చీలో కూర్చుని ఆ కర్రను రెండు వేళ్లతో అటూ ఇటూ ఊపి చూశారు.

"అతిశయోక్తి," అన్నారు.

"సార్, ఇందులో ఉన్నది స్ప్రింగు సార్," అన్నాడు అభిరామ్. "అసలు విమానంలో గాలి తోస్తుంది. ఆ బరువు మన చేతికి రాదు."

"గాలి మన ప్రమాణాల్లో ఉందా?"

"లేదు సార్, అంటే..."

"అయితే గాలి ప్రసక్తి అనవసరం."

ఇక మిగిలింది మనుషులు. ఎర్రముక్కుదాన్ని ఏడొందల గంటలు నడిపిన వింగ్ కమాండర్ బలరామయ్య గారిని పిలిపించారు. ఎనభై తొమ్మిదేళ్లాయన, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి కర్ర చేతికిచ్చారు. ఆయన కాసేపు కళ్లు మూసుకుని, "ఇంజను వీపుకు తెలియడం లేదే నాయనా" అన్నారు. విమానం ఎడమకు లాగింది. వీపుకు తెలియని లాగుడు కాలికి తెలిసేసరికి ఆలస్యమై, కాలవలో పడింది. రెండోసారి కంచెకు తగిలింది. మూడోసారి మళ్లీ కాలవే.

నివేదికలో ఇలా ఉంది: "సదరు వ్యక్తి మూడు ప్రయత్నములలోను మరణించినారు. వీరు గతంలో విమానం నడిపినట్లు ఆధారము కనబడుట లేదు. మరణించినందున ప్రారంభోత్సవ ఆహ్వానము పంపనవసరము లేదు."

వెళ్తూ వెళ్తూ బలరామయ్య గారు సుంకమ్మ బల్ల దగ్గర ఆగారు. "అమ్మాయ్, చచ్చినవాడికి కాఫీ అయినా ఇస్తారా మీ ఆఫీసులో?"

సుంకమ్మ తన ఫ్లాస్కులోది పోసి ఇచ్చింది.

ప్రారంభోత్సవమంటే కొత్త హాలుది. మంత్రిగారు వచ్చి తెరవాలి. ఆ హాల్లో వేలాడదీయడానికి పాత హాల్లోని గౌరవ ఫలకాన్ని దించి, అందులోని పదకొండు పేర్లనూ ఒక్కొక్కటిగా యంత్రానికి అప్పజెప్పారు. ఏడో పేరు ఇది:

"ఫ్లయింగ్ ఆఫీసర్ కె. దేవసహాయం. 23 ఆగస్టు 1961. మబ్బుల్లో దారితప్పిన శిక్షణ విమానాన్ని ఐదు నిమిషాల పది సెకన్లలో పదిహేను వేల అడుగులు ఎగసి చేరుకుని, క్షేమంగా నేలకు దించినవారు."

అభిరామ్ మూడు రోజులు కూర్చున్నాడు. తుపాకులు తీసేసిన ఎర్రముక్కుది, ఆ రోజున్నట్టే. నలభై ఒక్కసార్లు ఎగిరాడు. ఇంజను మసిబారేలా తోలినా ఆరు నిమిషాల రెండు సెకన్లకు తక్కువ రాలేదు.

"అసాధ్యం," అన్నారు పరంజ్యోతి గారు, చాలా సంతోషంగా. ఒక సంస్థ పనిచేస్తోందనడానికి ఏదో ఒకటి తొలగించడాన్ని మించిన రుజువు లేదని ఆయన నమ్మకం.

ఆ గురువారం కుళ్ళాయప్ప విమానం తుడవడానికి వచ్చి, గోడకు ఆనించిన ఫలకం మీద ఏడో పేరు పక్కన సుద్దముక్కతో గీసిన అడ్డగీత చూశాడు.

"ఎవురు పాపా దీన్ని గీసింది?"

"ఆఫీసోళ్లు, తాతా. వచ్చే శుక్రవారం చెరిపేస్తారంట."

"ఏమిటికి?"

సుంకమ్మ చెప్పింది. ఆయన మొత్తం విని, గుడ్డ భుజాన వేసుకుని, నేరుగా సంచాలకుల గదిలోకి నడిచాడు. కాగితాల కట్ట పట్టుకుని సుంకమ్మా వెనకే వెళ్లింది.

"సామీ, ఆ పొద్దు నేలమీద గడియారం పట్టుకోని నిలబడింది నేను. ఐదు నిమిషాల పది. ఒక్క సెకండు అటూ ఇటూ లేదు."

"మీరు నేలమీద ఉన్నారు. పదిహేను వేల అడుగుల ఎత్తు మీకెట్లా తెలిసింది?"

"సారు రేడియోలో చెప్పినాడు."

"అంటే వినికిడి."

"దారితప్పిన పిల్లోడు దిగినాడు కదా సామీ! ఎవురూ పోకుంటే ఎట్ల దిగుతాడు?"

"ఆ శిక్షణార్థి దిగుటపై సంస్థకు అభ్యంతరం లేదు," అన్నారు పరంజ్యోతి గారు ఉదారంగా. "ఆయనంతట ఆయనే దిగి ఉండవచ్చును. మీ విచారం అర్థమైనది. కాని ప్రొఫార్మాలో విచారానికి గడి లేదు."

కుళ్ళాయప్ప గుడ్డను రెండు చేతులా మెలితిప్పాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. సంచాలకుల వెనక గోడ మీదున్న ప్రభుత్వ ముద్ర వైపు చూశాడు. నోరు మూసుకుని బయటికి వచ్చేశాడు.

ఆ తెరిచి మూసిన నోటిని సుంకమ్మ మరిచిపోలేదు.

మర్నాడు టీ వేళకు అభిరామ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అతని ముఖంలో గెలిచిన కళ లేదు. "ఆ ఏడో పేరు తీసేస్తుంటే నాకూ బాలేదు మేడమ్. కానీ యంత్రం అబద్ధం చెప్పదు. ఏం పెడితే అది తిరిగి చెప్తుంది, అంతే."

సుంకమ్మ మెల్లగా అడిగింది. "ఏం పెట్టినారు సార్?"

"ఈ విమానానికా? దీని లెక్కలు ఎక్కడా దొరకలేదట. ఆట తయారుచేసినవాళ్లు ఒకే ఒక పుస్తకం నుంచి తీసుకున్నారు." అని నవ్వాడు. "మీ సంస్థ వేసిన పుస్తకమే. ఆరు నిమిషాల ఐదు సెకన్లు అని ఉంటుంది చూడండి, అందులోంచి."

సుంకమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఆ పుస్తకం ఆమె చదివింది. 1961లో ఈ విమానాన్ని ఎగరేసి చూసిన పరీక్షల రిజిస్టరులోని మొదటి పేజీని యథాతథంగా అచ్చువేశారు అందులో. అసలు రిజిస్టరు ఇనుప బీరువాలో అడుగు అరలో ఉంది. అందులో మొదటి పేజీ తర్వాత కూడా పేజీలు ఉన్నాయి. ఆ సంగతి అచ్చువేసినవాళ్లు గమనించినట్టు లేదు.

మొత్తం పన్నెండు పరీక్షలు. ఆగస్టు ఎనిమిది నుంచి పంతొమ్మిది దాకా, రోజుకొకటి. పదిహేను వేల అడుగులకు పట్టిన సమయం మొదటిరోజు ఆరు నిమిషాల ఐదు సెకన్లు. రెండో రోజు ఆరు నిమిషాల ఒకటి. మూడో రోజు ఐదు యాభై ఏడు. అట్లా దిగుతూ దిగుతూ పన్నెండో రోజుకు ఐదు నిమిషాల పదమూడు. అన్ని పేజీల కిందా రెండే సంతకాలు, దేవసహాయం, కుళ్ళాయప్ప. వ్యత్యాసానికి కారణం అన్న గడిలో ప్రతిరోజూ ఒకటే మాట: "వాతావరణం అనుకూలం."

చివర పై అధికారి ఎర్రసిరాతో రాసిన రిమార్కు ఉంది. "ఫలితాలు పొంతన లేనివి. పైలట్ అశ్రద్ధ. పదోన్నతికి పరిశీలించరాదు."

సుంకమ్మ మళ్లీ మొదటినుంచి చదివింది. ఇంజను వాడేకొద్దీ అరగాలి. ఈ ఇంజను పన్నెండు రోజులు రోజూ ఎగిరి రోజురోజుకూ బలపడింది. పన్నెండు రోజులూ వాతావరణం వరసగా మెరుగుపడటం ఆ జిల్లాలో ఎప్పుడూ జరగలేదు. బలం పెరగకుండా పైకెక్కడం తేలికైందంటే, మోసే బరువు తగ్గుతూ వచ్చిందన్నమాట.

ఐదో పేజీ తిప్పుతుంటే కుట్టు దగ్గర ఇరుక్కున్న పల్చటి ఎర్రపొర ఒకటి వేలికి అంటుకుంది. గోరంత ఉంది. వెలుతురులో పెట్టి చూసింది. ఆ నేల మీద పుట్టిన పిల్లకు అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. శెనగ్గింజ పొట్టు, అంటే వేరుశనగది.

గురువారం వచ్చింది. కుళ్ళాయప్ప ముక్కు దగ్గర తుడుస్తున్నాడు. తెల్లవారితే శుక్రవారం.

"తాతా, ఈ విమానంలోకి శెనగ్గింజలు ఎట్ల వచ్చినాయి?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. గుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఎవురు చెప్పినారు?"

"పొట్టు చెప్పింది."

కుళ్ళాయప్ప రెక్క కింద ఇటుకల మీద కూలబడ్డాడు. "తుపాకులన్నీ ఊడదీసి డిపోకు తీసుకోని పోయినారు పాపా. మళ్ల ఒక ఆర్డరు వచ్చె, తుపాకులున్నంత బరువుతో ఎగిరి పరీక్ష చేయండని. సీసం దిమ్మెలు పంపిస్తామనిరి. అవి రాలేదు, గడువు వచ్చె. పక్కనే విత్తనాల గోదాము. స్టేషన్ పెద్దసారు, బరువు బరువే కదప్పా, అనె. తొంబై కేజీల మూటలు మూడు. తుపాకుల గూళ్లలో రెండు, సీటు ఎనకాల ఒకటి. కాగితంలో మాత్రం తుపాకులు లేవని ఒక్కటే రాసినారు. శెనగ్గింజలని ఎట్ల రాస్తారు?"

"ఊ."

"సీసం దిమ్మెలైతే ఎవురికీ ఆకలి పుట్టదు. అవి కొత్త పంట గింజలు! స్టేషన్లో అరవైమందిమి, అందరం ఇరవై ఏండ్లోళ్లం. మొదటి దినం నేను ఒక పిడికెడు తీసినా. నేనే తల్లీ, నా చెయ్యే. రెండో దినం అందరూ తీసిరి. సంచుల్లో ఇండ్లకు కూడా మోస్తిమి. దేవసహాయం సారు దిగంగానే, ఒరే కుళ్ళాయప్పా, పొద్దున విమానం బలే ఎక్కింది, ఎవుర్రా బాగా తినింది, అని నవ్వి, ఆయనా ఒక పిడికెడు నోట్లో పోసుకునేటోడు. పన్నెండో దినానికి గూళ్లలో పొట్టే మిగిలింది."

"ఇరవై మూడో తారీఖున?"

"ఖాళీ విమానం. బాణం మాదిరి పోయినాడు."

ఆయన గుడ్డ ఒడిలో పెట్టుకున్నాడు. "పైనోళ్లు లెక్కలు ఎందుకు తప్పినాయని అడిగిరి. దేవసహాయం సారు ఒక్క మాట చెప్పుంటే నా కొలువు పోయేది. వాతావరణం అని రాసినాడు. అశ్రద్ధ అని ఆయన నెత్తిన రాసిరి. ఆ పొద్దటి నుంచి ప్రమోషన్ లేదు. పదమూడేండ్లు ఆ టోపీతోనే తిరిగినాడు. ఆ పిల్లోన్ని దించినాడని ఫలకం మీద పేరొక్కటి ఎక్కింది. ఇప్పుడు అదీ తీసేస్తారా?"

"పోయి చెప్దాం పా, తాతా."

"సర్కారు బరువు తిన్నోన్నైతా."

"అరవై ఏండ్లయింది."

"కడుపులో ఉండాది కదా పాపా, ఇంకా," అని కుళ్ళాయప్ప లేచాడు. "సరే పా."

ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం జరిగింది. పరంజ్యోతి గారు, తలలు ఊపడానికి ఇద్దరు సభ్యులు, కుర్చీలో అభిరామ్. కుళ్ళాయప్ప చేతులు కట్టుకుని నిలబడి, పిడికెడు దగ్గర మొదలుపెట్టి పొట్టు దాకా చెప్పాడు. సుంకమ్మ రిజిస్టరును పేజీ పేజీగా తిప్పి చూపించింది. అంత పొడుగు మాటలు ఆమె ఆ ఆఫీసులో మాట్లాడటం అదే మొదలు.

అభిరామ్ తెరల వైపు తిరిగాడు. మీటలు నొక్కి బరువులోంచి రెండు వందల డెబ్బై కిలోలు తీసేసి కర్ర పట్టుకున్నాడు. తెర మీద ఎర్రముక్కుది ఎడమకు లాగింది, సర్దుకుంది, నేల విడిచింది. పదిహేను వేల అడుగులు. ఐదు నిమిషాల పదకొండు సెకన్లు.

అభిరామ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆయన నాకంటే ఒక సెకను బాగా నడిపాడు సార్."

కుళ్ళాయప్ప గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. విమానం తుడిచే గుడ్డ, ముఖానికి నూనె అంటింది.

"అంటే," అన్నారు పరంజ్యోతి గారు కళ్లజోడు తీస్తూ, "యంత్రంలో ఉన్నది వేరుశనగల విమానమా?"

"అవును సార్. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ విమానం ఎగరేసినా మూడు మూటలు మోస్తూనే ఎగరేస్తున్నారు. దీన్ని మందకొడి విమానమని తిట్టుకుంటున్నారు కూడా."

"మన నాగులదిబ్బ గింజలు," అన్నాడు కుళ్ళాయప్ప గర్వంగా.

సభ్యులిద్దరూ తలలు ఎటు ఊపాలో తెలియక సంచాలకుల వైపు చూశారు. యంత్రంలో తప్పుందని ఎవరో ఒకరు అనాలి. ఆ మాట అంటే సర్క్యులర్ తప్పు. సర్క్యులర్ తప్పయితే లారీ తప్పు. పరంజ్యోతి గారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేసరికి దారి దొరికింది.

"అనుకరణ యంత్రం సంస్థ యొక్క ప్రమాణం. ప్రమాణంలో దోషముండదు. ప్రమాణం ప్రకారం ఈ విమానంలో మూడు మూటలున్నవి. హాల్లో ఉన్న విమానంలో లేవు. కావున లోపం హాల్లో ఉన్న విమానంలో ఉన్నది. అరవై ఏళ్లుగా మనం అసంపూర్ణ విమానాన్ని ప్రదర్శిస్తున్నాం! తక్షణమే పూర్వస్థితికి పునరుద్ధరించవలెను."

"పేరు, సామీ?" అన్నాడు కుళ్ళాయప్ప.

"పేరుండవచ్చును. తగు వివరణతో."

మూటలు వచ్చాయి. తుపాకుల గూళ్లలో రెండు, సీటు వెనక ఒకటి. సందర్శకులకు కనబడేలా గూళ్ల మూతలు తెరిచి ఉంచారు. పక్కన అట్ట వేలాడదీశారు: "చారిత్రక బరువు. తాకరాదు." విమానంతోపాటు ఫలకమూ కొత్త హాలుకు చేరింది. ఏడో వరుసలో దేవసహాయం పేరు, ఆ పేరు పక్కన బ్రాకెట్లో కొత్తగా రాసిన తెల్లక్షరాలు: "మూటలు లేకుండా".

కుళ్ళాయప్ప దాని ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. "ఇదేంది పాపా! ఆయనేదో దొంగతనంగా బరువు దించేసి ఎగిరినట్టుండాదే. తినింది నేను, బ్రాకెట్టు ఆయనకా?"

సుంకమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసింది. పొద్దున తానే టైపు చేసిన ఉత్తర్వు. చివరి పేరా దాకా అందులో ఎవరూ పోలేదు, ఆమె తప్ప. "విను తాతా. 'సదరు విమానము బరువును ప్రతి నెలా తూచి, యంత్రముపై ధ్రువీకరించవలెను. ఫలకమందలి సమయముతో వ్యత్యాసము ఉన్నంతవరకే వివరణ ఉండవలెను.' అంటే వ్యత్యాసం లేకుంటే వివరణ పీకేస్తారు."

ఆయన ఆమె ముఖం చూశాడు. తెరిచి ఉన్న గూటిలో మూట వైపు చూశాడు.

"నాకు పండ్లు లేవు పాపా."

"దంచుకోని తిందువులే. అయినా నువ్వొక్కనివే ఏమిటికి తినాల్ల?"

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు రిబ్బను కత్తిరించి, విమానం చుట్టూ తిరుగుతూ రెక్క దగ్గర ఆగారు.

"ఇవేమిటండీ?"

"చారిత్రక బరువు సార్," అన్నారు పరంజ్యోతి గారు.

"శెనక్కాయ పప్పులు కదూ!" మంత్రిగారు గూట్లో చెయ్యి పెట్టి ఒక పిడికెడు నోట్లో వేసుకున్నారు. "బాగున్నాయే!"

మంత్రిగారు తింటుండగా తినకుండా ఉండటం మర్యాద కాదు. పరంజ్యోతి గారు తిన్నారు, సభ్యులిద్దరూ తలలూపుతూ తిన్నారు, వెనకున్న ఆఫీసర్లంతా వరసగా తిన్నారు. ఆహ్వానం లేకుండానే వచ్చిన బలరామయ్య గారు రెండు జేబులూ నింపుకున్నారు. మర్నాడు ఎవరో "తాకరాదు" అన్న అట్టను మర్యాదగా వెనక్కి తిప్పి పెట్టారు.

ఆ తర్వాత బడిపిల్లలు రావడం మొదలైంది. కుళ్ళాయప్ప గురువారాలతో పాటు మంగళవారాలూ రాసాగాడు. పిల్లలను రెక్క కింద కూర్చోబెట్టి, మబ్బుల్లో దారితప్పిన పిల్లోడి సంగతి చెప్పి, ఒక్కొక్కరికి ఒక పిడికెడు పోసి పంపేవాడు. చెప్పిందంతా అర్థం కాకపోయినా పిల్లలు మళ్లీ వచ్చేవారు. ఉడతలు కూడా తమ వంతు పని చేశాయి.

సుంకమ్మ నెలనెలా మూటలు తూచి రాసేది. అభిరామ్ ఆ బరువు యంత్రంలో పెట్టి ఎగిరేవాడు. మొదటి నెల ఐదు యాభై నాలుగు. రెండో నెల ఐదు నలభై ఐదు. పరంజ్యోతి గారు ప్రధాన కార్యాలయానికి రాశారు: "నిలబడియున్న స్థితిలోనే విమానము యొక్క ఆరోహణ సామర్థ్యము నెలనెలా గణనీయముగా మెరుగుపడుచున్నది. ఇది మా పరిరక్షణ చర్యల ఫలితము." ప్రధాన కార్యాలయం అభినందించింది. ఇంకా ఏం తీసేస్తే ఇంకా మెరుగవుతుందో పరిశీలించమని కోరింది. అన్నిటికంటే బరువైనది ఇంజనేనని, దాన్ని తొలగించే ప్రతిపాదన ఒకటి పరంజ్యోతి గారు పంపారు. ఆ ఫైలు ఎక్కడో తిరుగుతోంది.

ఏడో నెల చివరి గురువారం. సుంకమ్మ తక్కెడ పట్టుకుని వచ్చేసరికి మూడు గోనెసంచులూ మడతలు పడి ఉన్నాయి. అభిరామ్ ఆ ఖాళీ సంచులు చూసి, అంతకుముందే ఎగిరి వచ్చి కాగితం ఆమె బల్ల మీద పెట్టాడు. ఐదు నిమిషాల పది సెకన్లు. ఈసారి ఆ ఒక్క సెకనూ అతనికి దొరికింది.

పెయింటరు నిచ్చెన వేసుకుని ఫలకం మీద బ్రాకెట్టు గీకేస్తున్నాడు. కుళ్ళాయప్ప కింద నిలబడి, రాలిన తెల్లరంగును గుడ్డతో తుడుస్తున్నాడు. పేరు పక్కన చెక్క కాస్త పాలిపోయింది, అంతే.

సుంకమ్మ నెల రిజిస్టరు తెరిచింది. బరువు గడిలో సున్న వేసింది. పక్కన వ్యత్యాసానికి కారణం అన్న గడి ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఏమని రాయాల్ల తాతా?"

కుళ్ళాయప్ప చివరి సంచి మూలలో దొరికిన ఒకే ఒక్క గింజను నోట్లో వేసుకుని, పండ్లు లేని దవడల మధ్య అటూ ఇటూ దొర్లించుకుంటూ, ఫలకం వైపు చూశాడు.

"రాసుకో పాపా. వాతావరణం అనుకూలం."